ఒకటిన్నరలో సగం

కథ చెబుతానంటే అందరూ చాపలేసుకుని కూర్చుంటారు గానీ, అడగాల్సినది అడగడానికి ఒక్కరికీ నోరు రాదు. సిద్ధాంతిగారి పంచాంగం ఏళ్ళ తరబడి మీ గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. కొత్త కోడలు గడప దాటాలన్నా, దూడని తోలుకెళ్ళాలన్నా, దొరబాబు విమానం ఎక్కాలన్నా దాన్నే తిప్పారు. ఆ అట్ట మీద గౌరీశంకరం సిద్ధాంతిగారి పేరుంది. ఆయన తండ్రి పట్టాభిరామయ్యగారి పేరుంది. ప్రెస్సు పేరుంది. ఆఖరికి అట్ట వెనకాల పళ్ళపొడి పేరు కూడా ఉంది. మరి లోపల లెక్కలన్నీ కట్టిన మనిషి పేరేమిటని ఇన్నేళ్ళలో ఒక్కరైనా అడిగారా? అడగరు. అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయి. సరే, అడక్కపోయినా చెప్పక తప్పదు కాబట్టి చెప్పడమే. ఆవిడ పేరు భ్రమరాంబ.

కొత్తపేట దగ్గర అగ్రహారానికి పధ్నాలుగేళ్ళ వయసులో కాపరానికి వచ్చింది. చదువు రెండో తరగతి. అది కూడా పూర్తిగా కాదు, మధ్యలో ఒళ్ళంతా పొంగు పోసి బడి ఆగిపోయింది. తెలుగు అంకెలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే.

ఆవిడ మావగారు పట్టాభిరామయ్యగారు పంచాంగం గవ్వలతో కట్టేవారు. నేల మీద సుద్దతో గళ్ళు గీసుకుని, ఒక గడి విఘడియలకి, దాని పక్కగడి ఘడియలకి పెట్టుకునేవారు. రోజుకి అరవై ఘడియలు, ఘడియకి అరవై విఘడియలు. విఘడియల గడిలో అరవై నిండగానే వాటిని ఎత్తేసి పక్కగడిలో ఒక్క గవ్వ పెట్టాలి. గడియారం చూసేవాళ్ళకి చెప్పాలంటే ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. పెద్దాయనకి చేతులు వణకడం మొదలయ్యాక ఒక గడిలో పెట్టిన గవ్వ ఇంకో గడిలో పడేది. కొడుకు గౌరీశంకరానికి శ్లోకం ఒక్కసారి వింటే వచ్చేసేది గానీ, ఒకే కూడిక మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వచ్చేది.

ఒకరోజు కోడలు వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు వేస్తోంది. నడిమి వరసకి పదిహేను, అటూ ఇటూ పదమూడు, పదకొండు అలా ఒక్క చుక్క దాకా. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఊరికే అడిగారు.

"మొత్తం ఎన్ని చుక్కలే అమ్మాయీ?"

"నూట పదమూడండీ మావయ్యగారూ."

"లెక్కపెట్టేవా?"

"లెక్కపెట్టడమెందుకండీ? ఎనిమిది ఎనిమిదులూ, ఏడు ఏడులూ కలిపితే అంతే కదండీ."

పెద్దాయన లేచి వచ్చి, కర్రతో చుక్కలన్నీ ఒక్కొక్కటే పొడుచుకుంటూ లెక్కపెట్టుకున్నారు. నూట పదమూడు. మర్నాటి నుంచి వంటిల్లు సర్దగానే కోడలు వెనక వసారాలో గవ్వల ముందు కూర్చునేది. అలా కూర్చున్నది నలభై ఏళ్ళు లేవలేదు. పెద్దాయన పోయాక లెక్కంతా ఆవిడదే. ఫలాలు రాయడం, ముహూర్తాలు పెట్టడం, శాలువా కప్పించుకోవడం గౌరీశంకరంగారివి. ఎవరైనా వచ్చి పిలిస్తే, "ఆయన లెక్కలో ఉన్నారండి, కాసేపాగి రండి" అని లోపల్నుంచి ఆవిడే చెప్పేది. లెక్కలో ఉన్నాయన అప్పుడు మంచం మీద వక్క కత్తిరించుకుంటూ ఉండేవారు. ఇద్దరికీ అదేం తప్పుగా తోచలేదు. పైగా యాభై దాటాక ఆయన కళ్ళకి పొర కమ్మింది. ఆ తరవాత ఆవిడ లేకపోతే తిథి కూడా చెప్పలేని స్థితి.

భ్రమరాంబకి ఒక్కటే పిచ్చి. కొత్త వస్తువు ఏదొచ్చినా నోరు తెరుచుకుని చూసేది. కొత్తపేట సోడా కొట్టు నుంచి మొదటిసారి ఐసు ముక్క తెచ్చినప్పుడు అది కరిగేదాకా పళ్ళెం ముందు నుంచి కదల్లేదు. "నీళ్ళకి ఎముకలొచ్చాయే, చూడవే సూర్యావతీ" అని పక్కింటావిడని పిలిచింది. ఇంట్లో కరెంటు దీపం వెలిగిన రోజున, ఎక్కడో సీలేరు కొండల్లో నీళ్ళు దూకితే ఇక్కడ దీపం వెలుగుతుందని ఎవరో చెప్పారు. "నీళ్ళు పోస్తే దీపం ఆరుతుందనుకున్నాను గానీ, నీళ్ళే దీపం వెలిగిస్తాయా!" అని రెండు రోజులు అదే మాట. చంద్రుడి మీద మనిషి దిగాడని రేడియోలో చెప్పినప్పుడు సూర్యావతి నమ్మలేదు.

"కోతలండీ వదినగారూ. అంత దూరం ఎవడెళ్తాడండీ?"

"ఎందుకెళ్ళకూడదే? వాళ్ళు లెక్క కట్టుకుని బయల్దేరేరు. వెళ్ళేసరికి చంద్రుడు అక్కడే ఉన్నాడు. అంటే మా మావయ్యగారి లెక్కా నిజమే, వాళ్ళ లెక్కా నిజమే!"

ఇలాంటి మనిషి ఇంటికి డెబ్భై ఎనిమిదిలో, దసరా వెళ్ళిన వారానికి దొరబాబు వచ్చాడు. సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తానికి మస్కట్ వెళ్ళి, రెండేళ్ళకి సెలవు మీద వచ్చిన కుర్రాడు. గడప బయట చెప్పులు విడిచి, తువ్వాల్లోంచి సబ్బుపెట్టంత నల్లటి వస్తువు తీశాడు.

"కాలిక్యులేటరండి అయ్యగారూ. అక్కడ ఇంజనీర్లందరూ జేబులో ఇదే ఎట్టుకుని తిరుగుతారండి. ఎంత లెక్కైనా నొక్కితే చెప్పేస్తాదండి. మీకు పనికొస్తాదని తెచ్చేనండి."

"ఎంత లెక్కైనానా?"

"ఆయ్."

తలుపు చాటు నుంచి భ్రమరాంబ భర్తతో చిన్నగా అంది. "మూడొందల అరవై అయిదుని ముప్పై ఆరుతో హెచ్చవెయ్యమనండి."

దొరబాబు మీటలు నొక్కాడు. చిన్న అద్దంలో నిప్పుకణికల్లా ఎర్రటి అంకెలు లేచాయి. "పదమూడు వేల నూట నలభయ్యండి."

ఆవిడ మనసులో వేసుకున్నదీ అంతే. కానీ ఆవిడకి మనసులో వేసుకోవడానికి రెండు ఊపిర్లు పట్టింది, దానికి రెప్పపాటు కూడా పట్టలేదు. తలుపు చాటున ఉన్నానన్న సంగతే మరిచిపోయి ఇవతలికి వచ్చేసింది.

"లోపలెవరున్నారు నాయనా?"

"ఎవరూ లేరండి అమ్మగారూ. బ్యాటరీలున్నాయండి."

"బ్యాటరీలకి లెక్కలొచ్చా!" అని ఆ నల్లటి వస్తువుని రెండు చేతులతో అందుకుంది, అప్పుడే పుట్టిన దూడని పట్టుకున్నట్టు. "దీనికి నిద్ర లేదు, మైల లేదు, జ్వరం లేదు. ఎంత అదృష్టవంతురాలమ్మా ఇది!"

అంతవరకూ బాగానే ఉంది. అసలు గొడవ అక్కడి నుంచే మొదలైంది.

పై సంవత్సరం పంచాంగం ప్రెస్సుకి వెళ్ళే రోజులవి. ఆ పంచాంగంలో పెద్ద సూర్యగ్రహణం ఉంది, ఎనభైలో ఫిబ్రవరి నెలలో. భ్రమరాంబ పదిహేను రోజులు కూర్చుని దాన్ని కట్టింది. గ్రహణం మొత్తం అయిదు ఘడియల యాభై విఘడియలు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. మధ్యకాలం గడియారంలో మూడూ నలభై. మొత్తంలో సగం మధ్యకాలానికి ముందు, సగం తరవాత. కాబట్టి పట్టేది మధ్యాహ్నం రెండున్నరకి, విడిచేది అయిదుకి పది నిమిషాలు ఉందనగా.

సిద్ధాంతిగారి అన్నగారి కొడుకు సత్యనారాయణమూర్తి కొత్తపేట హైస్కూల్లో తెలుగు పండితుడు. కాలిక్యులేటరు మీదవి ఇంగ్లీషు అంకెలు. ఇంట్లో అవి ధారాళంగా వచ్చినవాడు అతనొక్కడే. పిన్ని రాసిన కాగితాలు ముందు పెట్టుకుని ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళకి గ్రహణం మళ్ళీ కట్టేశాడు.

"పిన్నీ, తేడా వచ్చింది. యంత్రం ప్రకారం రెండూ ఇరవై రెండుకే పడుతోంది."

ఎనిమిది నిమిషాలు. నవ్వకండి. గ్రహణం వేళ అంటే ఊరు ఊరంతా గోదాట్లో దిగి, సరిగ్గా పట్టే క్షణానికి మునగాలి. పైగా పట్టిందీ లేందీ మసి పూసిన అద్దంలోంచి పసివాడైనా చూస్తాడు. తిథి తప్పితే ఎవరికీ తెలియదు. గ్రహణం తప్పితే ఆకాశమే సాక్ష్యం చెబుతుంది. అలా ఒక్కసారి తప్పిన సిద్ధాంతి పంచాంగం మళ్ళీ ఏ గోడా ఎక్కదు.

భ్రమరాంబ మూడుసార్లు గవ్వలు పేర్చింది. మూడుసార్లూ రెండున్నరే వచ్చింది. సత్యనారాయణమూర్తి మూడుసార్లు మీటలు నొక్కాడు. మూడుసార్లూ రెండూ ఇరవై రెండే వచ్చింది. అక్కడితో ఊరుకున్నాడా? సోమవారం స్కూల్లో అందరికీ చెప్పాడు, మా బాబయ్యగారి లెక్కకీ మస్కట్ యంత్రం లెక్కకీ ఎనిమిది నిమిషాలు తేడా అని. సాయంత్రానికి ఆ మాట సంతకి వెళ్ళింది, సంత నుంచి రావులపాలెం అరటిపళ్ళ లారీలెక్కింది.

ఎల్లుండి కాగితాలు అమలాపురం ప్రెస్సుకి వెళ్ళిపోవాలి. సిద్ధాంతిగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఏం చేద్దామే? రెంట్లో ఏది వెయ్యమంటావు?"

"యంత్రందే వెయ్యండి."

"నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మకం మాటకేం గానీ, నేను మనిషినండీ. పప్పు మాడుతోందేమోనని ఒక చెవి అటు పారేస్తాను. దానికి పప్పు లేదు, పొయ్యి లేదు. నేనే ఎక్కడో జారేను."

అంది గానీ అన్నం దిగలేదు. ఎక్కడ జారానన్నదే ఆవిడకి దొరకలేదు. నలభై ఏళ్ళు కట్టిన లెక్కల్లో ఇంకెన్నిసార్లు ఇలా జారి ఉంటానో, ఎవరి పెళ్ళి ఏ వేళకి చేయించానో అని ఒకటే గుబులు.

సాయంత్రం సూర్యావతి పాలకి వచ్చింది. రోజూ తవ్వ గిన్నెతో కొలిపించుకుని తవ్వన్నర పట్టుకెళ్తుంది.

"వదినగారూ, ఇవాళ సగం మా తోడికోడలికిట. వేరే చెంబులో పోసేద్దురూ."

భ్రమరాంబ తవ్వతో కొలిచింది. ముప్పాతిక తవ్వ ఈ చెంబులో, ముప్పాతిక తవ్వ ఆ చెంబులో. పోస్తూ పోస్తూ ఆగిపోయింది. పాలు అంచు దాటి కారుతున్నాయి.

"వదినగారూ, పాలు!"

"ఉండవే." తవ్వ సూర్యావతి చేతిలో పెట్టేసి అలాగే వసారాలోకి వెళ్ళింది. అక్కడ సత్యనారాయణమూర్తి ప్రెస్సుకి వెళ్ళే కాగితాలు సాఫు రాస్తున్నాడు.

"సత్యం, నీ యంత్రాన్ని ఒక్క చిన్న లెక్క అడుగు నాయనా. ఒక ఘడియ ముప్పై విఘడియల్లో సగమెంత?"

అతను నొక్కాడు. ఒకటి, చుక్క, ముప్పై. దాన్ని రెండుతో భాగిస్తే అద్దంలో సున్నా, చుక్క, అరవై అయిదు. "అరవై అయిదు విఘడియలు పిన్నీ. అరవై ఎత్తేసి పక్కగడిలో వేస్తే ఒక ఘడియ, అయిదు విఘడియలు."

"ఒకటిన్నరలో సగం ఒకటి దాటిందా?"

సత్యనారాయణమూర్తి అద్దంలో అంకె వంక మళ్ళీ చూశాడు.

"తవ్వన్నర పాలు ఇద్దరికి పోస్తే, తలా ఒక తవ్వా పైన చారెడూ వస్తాయా నాయనా? అలా అయితే ఊరంతటికీ ఒక్క గేదె చాలదూ! సూర్యావతీ, విన్నావే? రేపటి నుంచి పాలు ఈ పండితుడి చేత పోయించుకో."

గడప దగ్గర నిలబడ్డ సూర్యావతి కిసుక్కున నవ్వింది. అతను మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అరవై అయిదే. చెవులెర్రబడ్డాయి.

"అయితే యంత్రం పాడైందన్నమాట."

"పాడూ లేదు, బీడూ లేదు." భ్రమరాంబ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచింది. "దీని తప్పు కాదు. ఇది నూరుకి నిండే లెక్కది. మనది అరవైకి నిండేది. ముప్పై అంటే మనకి సగం, దానికి సగం కాదు కదా? దాని లెక్క నువ్వు తీసుకొచ్చి, ఆఖర్న మన అలవాటు కొద్దీ అరవై ఎత్తేసి పక్కగడిలో పెట్టేవు. పంచాంగాల ఇంట్లో పుట్టి పెరిగినవాడివి కాబట్టే ఆ తప్పు చేసేవు. ఇంకోడైతే అరవై అయిదు చూసి ఇదేమిటని అడిగేవాడు."

అప్పుడైనా గెలిచానని కూర్చుందా? లేదు. ఆ రాత్రికి యంత్రాన్ని పక్కన పెట్టించి, మర్నాడు తెల్లవారగానే ఇంగ్లీషు అంకెలు నేర్పమని సత్యనారాయణమూర్తిని పట్టుకుంది. తెలుగు అంకెలు చిన్న కాగితం ముక్కల మీద రాసి గంజితో మీటల మీద అంటించింది. ఘడియల్ని ముందే అరవైతో హెచ్చవేసి, అన్నీ విఘడియలు చేసేసి, అప్పుడు నొక్కింది. అయిదు అరవైలూ, యాభై కలిపితే మూడొందల యాభై. అందులో సగం నూట డెబ్భై అయిదు. అంటే రెండు ఘడియల యాభై అయిదు విఘడియలు. పక్కనే పేర్చిన గవ్వలూ అదే అన్నాయి. సత్యనారాయణమూర్తి కట్టినప్పుడు వచ్చినది మూడు ఘడియల పదిహేను; ఎక్కువైన ఆ ఇరవై విఘడియలే ఎనిమిది నిమిషాలు. ఎర్రంకెల వంకా, గవ్వల వంకా మార్చి మార్చి చూస్తూ, "దీనికి చెప్పాలే గానీ వింటుందండీ!" అని భర్తతో అంది. పంచాంగంలో రెండున్నరే వేయించారు.

కానీ సంతకి వెళ్ళిన మాట వెనక్కి వస్తుందా? సిద్ధాంతిగారు యంత్రాన్ని కాదని గవ్వల్ని నమ్మారుట అని ఏడాది పైన చెప్పుకున్నారు. గ్రహణం రోజున గౌతమి గట్టు మీద జనమే జనం. స్నానానికి కొందరు, సిద్ధాంతిగారి పరువు ఏమవుతుందో చూడ్డానికి కొందరు. మసి పూసిన అద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు, పసుపు నీళ్ళ పళ్ళేలు. మళ్ళీ సెలవు మీద వచ్చిన దొరబాబు చేతికి అంకెల గడియారం ఉంది, సెకన్లతో సహా చూపించేది. దాన్ని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"రెండూ ఇరవై రెండైందండోయ్! మిషను లెక్క ప్రకారం ఇప్పుడండి!"

జనమంతా పైకి చూశారు. సూర్యుడు నిండుగా, కాసులా ఉన్నాడు. ఎవరో నవ్వారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఆడవాళ్ళ మధ్యన భ్రమరాంబ నిలబడి ఉంది. యంత్రం తప్పిందని ఆవిడకేం సంతోషం కలగలేదు. ఆవిడకి కావలసింది ఆ తరవాతి ఎనిమిది నిమిషాలు.

"రెండున్నరండి!" గట్టు మీంచి దొరబాబు అరిచాడు.

ఏమీ లేదు. దొరబాబు సెకన్లు పైకి లెక్కపెడుతున్నాడు. ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. అప్పుడు, సూర్యుడి పడమటి అంచున ఎవరో గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు.

"పట్టిందండోయ్!"

గోదారంతా ఒక్కసారి మునిగి లేచింది. సిద్ధాంతిగారికి ఆ నొక్కు కనబడదు. అరుపు మాత్రం విన్నారు. ఆయన చుట్టూ మూగి కొందరు కాళ్ళకి దణ్ణాలు పెడుతున్నారు. ఆయన మొహం తిప్పి, ఆడవాళ్ళ రేవు వైపు గట్టిగా, ఆ గట్టంతా వినబడేలా పిలిచారు.

"ఏమే భ్రమరాంబా! పట్టు సరిపోయింది. విడుపు ఎన్నింటికి కట్టేవు?"

ఇరవై ఏళ్ళుగా దణ్ణాలు పెడుతున్నవాళ్ళందరూ తలలు అటు తిప్పారు. భ్రమరాంబ తడికొంగు తల మీదకి లాక్కుంది.

"అయిదుకి పది నిమిషాలుందనగానండీ."

అందరూ అప్పటిదాకా ఉన్నారు. పట్టపగలు ఎండ వెన్నెల రంగుకి తిరిగింది. కొబ్బరాకుల సందుల్లోంచి నేల మీద పడ్డ వెలుగు మచ్చలన్నీ నెలవంకలయ్యాయి. వేల నెలవంకలు. భ్రమరాంబ లెక్కలో అవి లేవు. ఏ గవ్వా ఆవిడకి వాటి సంగతి చెప్పలేదు. అరచెయ్యి చాపితే అరచేతిలో ఒక నెలవంక వాలింది. దాన్ని చూస్తూ ఆవిడ విడుపు సంగతే మరిచిపోయింది. విడిచిందని ఎవరో అరిస్తే గానీ తల ఎత్తలేదు.

ఆ ముప్పై సెకన్ల ఆలస్యం మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఎవరైనా మెచ్చుకోబోతే, "అర నిమిషం తప్పేనండి" అని ముందే చెప్పేసేది.

సిద్ధాంతిగారు ఎనభై నాలుగులో పోయారు. ఎనభై ఎనిమిదిలో అమలాపురంలో కంప్యూటరు జాతకాల కొట్టు పెట్టారని తెలిసి, భ్రమరాంబ సత్యనారాయణమూర్తిని వెంటేసుకుని బస్సెక్కింది. కొట్టులో సీతారత్నం అనే అమ్మాయి కూర్చుని ఉంది. అద్దాల పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాలు వాటంతటవే పరిగెడుతున్నాయి.

"జాతకం ఎవరికండి మామ్మగారూ?"

"జాతకం వద్దమ్మా. ఒక ఘడియ ముప్పై విఘడియల్లో సగమెంతో దాన్ని అడుగు."

అమ్మాయి విచిత్రంగా చూసి, ఏవో మీటలు కొట్టింది. "నలభై అయిదు విఘడియలండి."

భ్రమరాంబ రెండు చేతులూ ఎత్తి ఆ పెట్టెకి దణ్ణం పెట్టింది. "దీనికి అరవై నేర్పేరే! ఎవరు నేర్పేరమ్మా?"

"ఎవరో ప్రోగ్రాం రాసేరండి."

"ఆయన పేరేమిటి?"

"తెలీదండి. ఎవరూ అడగరండి."

"మరి నువ్వు అడుగు," అంది భ్రమరాంబ. "ఆడమనిషేమో కూడా కనుక్కో."

ఆ మీదటి ఏడాది కార్తీకంలో ఆవిడ పోయింది. అప్పటికి ఆవిడ వయసు అరవై ఎనిమిది.